యజమాని గడి

సౌత్ షీల్డ్స్‌లో జనవరి.
టైన్ నది మీంచి కొట్టే గాలికి
స్పానరు కూడా చేతికి అతుక్కుపోతుంది.
లేగేట్ దగ్గర మూడంతస్తుల ఇల్లు,
బాయిలర్ ఆగి రెండు రోజులు.
తలుపు తీసింది హలీమా షంసాన్,
డెబ్బై దాటిన మనిషి, రెండు స్వెట్టర్ల మీద ఏప్రన్.

పని మొదలెట్టే ముందు కాగితం నింపాలి.
"ఇంటి యజమాని?"
"లేడు."
"పోయారా?"
"పుట్టనే లేదు."

వాళ్ళ తాత కాసిమ్
ఏడెన్‌లో ఓడెక్కి బొగ్గు వేసినవాడు.
కొలిమి ముందు నాలుగు గంటలు, నిద్ర,
మళ్ళీ కొలిమి.
ఒడ్డున దిగితే ఏ కిటికీలో చూసినా
నల్లవాళ్ళకు గది లేదని అట్టముక్క.
అందుకని పదిహేడు మంది
ఓడ దిగినప్పుడల్లా ఒక్కో షిల్లింగు
బిస్కెట్ డబ్బాలో వేసి వేసి
ఈ ఇల్లు కొన్నారు,
కొన్న రోజే వదులుకున్నారు.

దస్తావేజు గోడ మీద, చెమ్మపట్టిన అద్దం వెనక:
అమ్మరాదు. ఒకరికి ఇవ్వరాదు.
కొడుకులకు రాదు, కూతుళ్ళకు రాదు.
కింది కొట్టు అద్దె పైగదుల బొగ్గుకు.
ఓడ దొరకని మనిషికి మంచం;
ఏ దేవుడికి మొక్కుతావని అడగరాదు.
అడుగున, వేరే చేతిరాత:
పగిలిన కప్పులకు ఏటా అయిదు షిల్లింగులు,
పగలగొట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనకుండా.

ఇదేం షరతని అడిగాను.
"డమాస్కస్‌లో అట్లాంటి వక్ఫు ఉండేదని తాత విన్నాడట.
దొరగారి పింగాణీ పగలగొట్టిన పనిపిల్లాడు
పెంకులు పట్టుకుపోతే
కొత్తదానికి డబ్బులిచ్చేవాళ్ళు.
ఆస్పత్రికి రాస్తారు, వంతెనకు రాస్తారు, బడికి రాస్తారు.
పిల్లాడి భయానికి ఆస్తి రాసినవాడు
ఎన్ని దెబ్బలు తిని పెరిగాడో."

నాకు తెలిసిన వక్ఫు వేరు.
ప్రొద్దుటూరు పక్కన, మా దూదేకుల వీధి వెనక
పీర్లసావిడి మాన్యం నాలుగెకరాలు,
మా అబ్బ ఏకిన దూదికన్నా తేలిగ్గా
ముతవల్లి చేతుల్లోంచి ఎగిరిపోయింది.
ఇప్పుడక్కడ కల్యాణ మండపం.
మూలన తుప్పు బోర్డు ఇంకా అంటూనే ఉంది,
ఇది దేవుడి సొత్తు అని.
ఆ మాటే అన్నాను.

"మాకు మాత్రం లేరా?
మా చిన్నాన్న రెండేళ్ళ అద్దె
గుర్రాల మీద పోశాడు.
మా అమ్మ ఎడ్నా, ఆదివారం చర్చి తప్పని మనిషి,
పబ్బు గుమ్మంలో కాపుకాసి
వాడి జేబులు దులిపింది."

ఇప్పుడు ఓడలూ లేవు, బొగ్గూ లేదు.
పైన ఒక ఎరిట్రియా కుర్రాడు,
మొగుడు గెంటేసిన ఇంగ్లీషు పిల్ల, ఆమె పసిబిడ్డ,
పగలంతా నిద్రపోయే పోలండ్ వెల్డరు.

పంపు విప్పుతుంటే మోచేయి తగిలి
టీ కప్పు నేల మీద నాలుగు ముక్కలు.
సారీ అనబోయాను.
ఆమె అటు చూడనే లేదు.
అల్మారాలోంచి ఇంకొకటి తీసి, టీ పోసి,
గోడ వైపు గడ్డం ఎత్తింది.

ఎప్పుడో పోయిన పదిహేడు మంది బొగ్గుమనుషులు
నన్ను ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి గొట్టాలు టకటకమన్నాయి,
వేడి మెట్లెక్కింది.
పైన బిడ్డ ఏడుపు ఆపిందో
నాకు వినిపించడం మానేసిందో.

సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను:
"యజమాని గడి ఖాళీగా వదిలేశావు,
బిల్లు ఎవరి పేరున?"
"కింద చేపలు వేయించే కొట్టుంది,"
అన్నాను, "అక్కడికి పంపండి."