నలుగురికీ ఒక్క దుర్భిణి

సూళ్ళూరుపేటలో పాసింజరు దిగేసరికి ఇంకా తెల్లారలేదు.
రాత్రి వాన వెలిసింది గానీ
ప్లాట్‌ఫారం రేకుల అంచున
దాని బాకీ చుక్కలు రాలుతూనే ఉన్నాయి.
కార్తీకం, రెండో ఆదివారం.
నలుగురం. దుర్భిణి ఒక్కటే.
ఖాదర్‌బాషా మద్రాసు మూర్‌మార్కెట్లో బేరమాడి తెచ్చింది.
కుడికంటి అద్దంలో బూజు పువ్వొకటి పూసింది,
అటునుంచి చూస్తే
ప్రతి పిట్టా మంచులోంచే వస్తుంది.

ఖాదర్‌బాషాది ట్రంకురోడ్డులో గడియారాల కొట్టు.
చీమకాలంత మరని పట్టకారుతో పట్టే కన్ను,
ఏదైనా ముందు వాడికే కనపడుతుంది.
లీలారాణి బ్యాంకులో కేషియరు. లెక్క ఆమెది.
చెంచురామయ్య ముప్పయ్యేళ్ళు బస్సు తోలినోడు,
పిట్ట ఎటు మళ్ళుతుందో
అది రెక్క ఎత్తకముందే చెబుతాడు.
నేనా? నాకు పేర్లు తెలుసు, పుస్తకాల్లోవి.
ఆ రోజు అవెంత పనికొచ్చాయో మీరే చూస్తారు.

ఆకులో వేడి పులిబొంగరాలు, ఊదుకుంటూ బస్సెక్కాం.
అటకానితిప్ప దగ్గర ఆపమంటే
"ఈడేముందని దిగతారు సార్?" అన్నాడు కండక్టరు.
"పిట్టలబ్బయా" అన్నాడు చెంచురామయ్య.
"పిట్టలా!" అని మమ్మల్ని ఎగాదిగా చూసి
రైట్ అన్నాడు.

రోడ్డుకి రెండు పక్కలా పులికాట్.
బియ్యం కడిగిన నీళ్ళ రంగు,
ఆకాశమూ అదే రంగు,
నడుమ కుట్టు కనపడకుండా కుట్టిన దుప్పటి.
మేం చూడాలని వచ్చిన ఎర్రరెక్కల గుంపు లేదు.
ఫ్లెమింగోలింకా రాలేదు.
"లోతెక్కువైంది. మోకాలు మునిగితే అవి ముద్దెత్తవు"
చెంచురామయ్య బీడీ ముట్టించుకున్నాడు.
ఎవరం ఏమీ అనుకోలేదు గానీ
దుర్భిణి కాసేపు ఎవరూ అడగలేదు.

తర్వాత ఒక్కొక్కటీ.
గూడబాతులు, రెండో బంతికి కాచుకున్న
పెళ్ళి పెద్దల్లా గడ్డాలు దించుకుని.
నత్తగుల్లకొంగ, ముక్కు నడుమ సందుతో,
చెప్పబోయిన మాట మరిచిపోయినట్టు.
కరెంటు తీగ మీద లకుముకి ఒంటరిగా,
నీలం సీసా పగిలి ఒక పెంకు అక్కడే ఉండిపోయినట్టు.

ఇంతలో బురదగట్టున
ఒక చిన్న బూడిదరంగు పిట్ట.
నాలుగడుగులు పరుగు, ఆగు. మళ్ళీ పరుగు.
నేను ఉల్లంకన్నాను.
కాదు, కాళ్ళు పచ్చగా ఉన్నాయన్నాడు ఖాదర్.
ఏదో ఒకటి చెప్పండి, నోట్లో రాసుకోవాలంది లీలారాణి.
దుర్భిణి చేతులు మారింది, గొంతులూ పెరిగాయి.

నడుంలోతు నీళ్ళలో ఒకామె
రెండు చేతులూ బురదలో పెట్టి రొయ్యలు తడుముతోంది,
తాటాకు బుట్ట పళ్ళతో పట్టుకుని.
"అమ్మా, ఆ పిట్టనేమంటారు మీరు?"
నోట్లో బుట్ట. మాట రాదు.
గడ్డంతో ఆగమంది.
ఒక రొయ్యని తీసి బుట్టలో వేసి,
బుట్ట చేతిలోకి తీసుకుని, ఉప్పునీళ్ళు ఉమ్మి
"దాని పేరు నాకేం దెలుసయ్యా,
అది దిగిన కాడ రొయ్యుంటది" అంది.
మళ్ళీ బుట్ట పళ్ళకి కరుచుకుని
పిట్ట వైపే కదిలింది.
నా పుస్తకం సంచిలోంచి బయటికి తీయలేదు.

మధ్యాహ్నం దాటాక
లీలారాణి బాతుల్ని లెక్కపెడుతోంది.
కట్టలు కట్టినట్టు, పదేసి పదేసి.
పెదాలు మాత్రమే కదులుతున్నాయి.
నాలుగొందల పదిదాకా వచ్చింది.
పైన గద్ద నీడ.
అంతే, చెరువంతా ఒక్కసారి లేచింది,
చిల్లర సంచి బోర్లించిన చప్పుడు.
ఇరవై రెండేళ్ళుగా సాయంత్రం లెక్క సరిపోనిదే
ఇంటికి పోని మనిషి
తల పైకెత్తి, నోరు తెరిచి,
వేలు గాలిలో అలాగే ఉంచి
నవ్వడం మొదలెట్టింది.

తిరుగు బస్సులో పొద్దుటి కండక్టరే.
"కనపడ్డాయా?" అన్నాడు.
ఖాదర్‌బాషా కంటి చుట్టూ దుర్భిణి ఒత్తిన గుండ్రటి గుర్తు.
"రేపొచ్చే వారం రా, నీకూ చూపిస్తాం"
అతను చిల్లర వెతుకుతూ సరే అన్నాడో
టిక్కెట్లనే అన్నాడో వినపడలేదు.

నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరుంది.
గూడబాతులు: ముప్పై ఆరు.
లకుముకి: ఒకటి.
బాతులు: నాలుగొందల పది, తర్వాత కొట్టివేత.
కింద లీలారాణి గుండ్రటి అక్షరాల్లో
రొయ్యున్న కాడ దిగే పిట్ట: ఒకటి.