కాన్పుకో పన్ను

గరివిడి అవతల మాంగనీసు గని మూతపడి
ఇరవై ఏళ్ళు దాటింది.
సొరంగం మూతికి అడ్డంగా వల కట్టి
రాత్రికి నాలుగొందల కూలికి
లాంతరు పట్టుకు నిలబడతాను.

వాహిని మేడమ్ గబ్బిలాయిని తూస్తుంది,
కంసాలిలా, ఊపిరి బిగబట్టి.
"ఏడు గ్రాములు."
చీటీలో రాస్తాను: ఏడు.
తాకట్టు కొట్లో మా అమ్మ గంటీలు కూడా
సరిగ్గా అంతే తూగాయి.

ముక్కు మీద ఆకుమడతలు.
రొమ్ము చుట్టూ బొచ్చు అరిగి బోడిగా ఉంది.
"పాలిస్తోంది" అంది మేడమ్, గొంతు తగ్గించి,
నిద్రపోయే బాలింత పక్కన మాట్లాడినట్టు.

ఆషాఢం తొలివాన పడిన రాత్రి.
కరెంటు స్తంభం కింద ఉసుళ్ళు చేటలకొద్దీ.
నారుమడి మీద దోమలు పొగలా లేస్తున్నాయి.
"ఇంక దీనికేటి లోటు మేడమ్" అన్నాను.
నవ్వలేదు ఆవిడ.
రెక్క విప్పి లాంతరుకు అడ్డం పెట్టింది.
వెలుగు చర్మంలోంచి వడగట్టుకుని
నా అరచేతిలో ఎర్రగా పడింది.
అందులో ఎముక
తాటాకు ఈనె కాదు,
ఈనెని చీల్చితే వచ్చే పీచు.

"పురుగులో బలముంటుంది, సున్నం ఉండదు.
పిల్ల ఎగరాలంటే రెక్కలో ఎముక గట్టిపడాలి.
దానికి సున్నం పాలల్లోంచే రావాలి.
మరి పాలల్లోకి?"

అడిగి ఊరుకుంది.
చీటీలో ఆ జవాబుకి గడి లేదు.
కడుపు నిండుతుంది, ఎముక నిండదు,
అంతవరకు నాకు అర్థమైంది.

వల విప్పాక చూశాను.
సొరంగం గోడ చెమర్చి
నల్లరాయి మీద తెల్లచార దిగిన చోట
ఒకటి తలకిందులుగా వేలాడి నాకుతోంది.
దాహమా, ఉప్పా, సున్నమా?
"తెలీదు" అంది మేడమ్.
తెలీదు అనే రాసుకుంది కూడా.

మా అమ్మ దాలమ్మ ఈ గనిలోనే రాయి ఏరింది.
నేను కడుపులో ఉన్నప్పుడు
తడిసిన మట్టిగోడ గిల్లి నోట్లో వేసుకునేదట,
నాన్నమ్మ చేతి మీద కొట్టేదట.
అయిదు కాన్పులు, అయిదు పళ్ళు.
"కాన్పుకో పన్ను ఇచ్చీసినాను" అని నవ్వేది.
ఆ నవ్వులో ఖాళీలు పంచుకునేవాళ్ళం మేము:
ఇది అక్కది, ఇది పెద్దోడిది,
ఆ మూలది నెల తిరక్కుండా పోయిన గుంటది,
దాని పక్కది చిన్నక్కది.
ముందరిది, ఊరందరికీ కనబడేది, నాది.

పోయినేడు గడప తట్టుకుని మణికట్టు విరిగింది.
చీపురుపల్లి డాక్టరు ఫోటో ఎత్తి చూపించి
ఎముక గుల్లబారింది అన్నాడు.
ఎటు పోయిందో ఆయన చెప్పలేదు.
మేమూ అడగలేదు.

తెల్లారగట్ల ఇంటికొచ్చేసరికి
అరుగు మీద కూర్చుని అడ్డచుట్ట కాలుస్తోంది,
నిప్పు లోపలికి పెట్టి.
మాటకి నోరు తెరిస్తే
సొరంగంలో లాంతరు.

"ఎన్ని దొరికినాయిరా?"
"పదకొండు."
"ఒగ్గీసినారా?"
"ఒగ్గీసినాం."
"పిల్లతల్లులున్నాయా అందల?"

ఉన్నాయని తలూపాను.
చీకట్లో నా మోచెయ్యి తడుముకున్నాను,
గట్టిగానే ఉంది.

"ఏట్రా, ఏటైంది సేతికి?"
"ఏటీ నేదమ్మా.
దోమ."