ఇమాజిన్ తర్వాత టు రాదు

గుణుపురంలో, బియ్యం కొట్టు మీది గదిలో
సాయంత్రం ఆరింటి ట్యూషను.
కింద కాటా మీద బస్తా పడ్డప్పుడల్లా
పైన మా బల్ల మీది పెన్నులు కాస్త దొర్లుతాయి.

ఇవాళ్టి క్రియ: ఇమాజిన్.

ఊహించు, అన్నాడు లోకనాథం కొడుకు,
గైడులో చూసి.
ఊహించడమంటే ముందే పసిగట్టడం కూడా కదరా.
వంశధారకి నీరొస్తుందని మీ తాత ఊహిస్తాడు,
అది ఇమాజిన్ కాదు, మోకాళ్ళ నొప్పి.

కలగను, అంది వెనక బెంచీ.
కలకి కళ్ళు మూసుకోవాలి,
దీనికి తెరిచే ఉంచొచ్చు.

అయితే మనెకర, అన్నాడు నిరంజన్ గొమాంగో.
వాళ్ళ లెక్కల సారు
ఎక్స్ రాసే ముందు అనే మాట.
మనసులో చెయ్యి అని.
బాగుంది, చేతులు కదపకుండా చేసే పని.

మరి తెలుగులో?
అనుకో, అన్నాను.
అను. కో.
నీకు నువ్వే చెప్పుకో, పక్కవాడికి వినపడకుండా.
నువ్వే కలెక్టరువనుకో.
రైలు వచ్చిందనుకో.
వాన పడి బడి మూసేశారనుకో.
చివరిది అందరికీ ఒక్కసారే అర్థమైంది.

ఇక వాడుక.
వాంట్ అంటే టు గో, హోప్ అంటే టు గో.
కోరికకైనా ఆశకైనా ముందొక టు ఉంది,
గడపలాగ, కాలెత్తి దాటాలి.
ఇమాజిన్ తర్వాత టు రాదు.
గోయింగ్ అనే రాయాలి.
బయల్దేరడం లేదు, టిక్కెట్టు లేదు,
వెళుతూ ఉండటమే,
చెప్పులు మాత్రం గది బయటే ఉంటాయి.

ఎందుకలా అని ఎవరూ అడగలేదు.
ఇరవై ఏళ్ళుగా నేనూ అడగలేదు.
పరీక్షలో రెండు మార్కులు.

నోటు పుస్తకాలు తీసుకున్నాను.
రౌతు సంజుక్త.
నాన్న సంతలో చింతపండు తూస్తాడు.
బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు,
తెలుగు అక్షరాలు వాళ్ళమ్మ నేర్పింది,
శ్రీకాకుళం నుంచొచ్చిన బట్టల కొట్టు క్యాలెండరు మీద.
ఇలా రాసింది:
ఇమాజిన్ అంటే ఆనుకో.

తప్పు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.
బళ్ళో మొదటి అక్షరాన్ని ఒ అన్నట్టు పలికిస్తారు,
మన అ ఆ చెవికి రెండోదే.
ఎర్ర పెన్ను తీశాను,
దీర్ఘం తోక కొట్టేయడానికి.

ఆనుకో.

మీదే ఊరు అని విశాఖలో ఎవరడిగినా
అదే కదా చెప్తాను,
ఆంధ్రాని ఆనుకొని ఉంటుందండీ అని.
అటువాళ్ళకి ఒడియావాళ్ళం, ఇటువాళ్ళకి తెలుగోళ్ళం,
ఎవరి గోడకో భుజం ఆనించి
నిటారుగా ఉన్నామనుకునేవాళ్ళం.

చిన్న రైలు తీసేశాక
పెద్ద పట్టాలు పడటానికి ఏళ్ళు పట్టింది.
ఆ ఏళ్ళలో చాలా సాయంత్రాలు
స్టేషను గోడకి వీపు ఆనించి కూర్చునేదాన్ని.
పట్టాలు పీకేసిన కంకర మీద మేకలు.
రైలు వచ్చిందనుకొని,
ఎక్కాననుకొని,
నౌపడాలో దిగి కూజాలో నీళ్ళు పట్టుకుంటూ.
అప్పుడు నన్ను ఎవరు నిలబెట్టారంటే
ఇటుక గోడ అని చెప్పొచ్చు.
చెబితే సగమే నిజం.

పెన్నుకి మూత పెట్టేశాను.
తప్పని గాని ఒప్పని గాని
ఏ గుర్తూ పెట్టకుండా పుస్తకం తిరిగిచ్చాను.
అలా చెయ్యకూడదు, పిల్లలకి అర్థం కాదు.

మర్నాడు సంజుక్త తనే కనిపెట్టింది.
బ్లేడుతో గీకింది.
తోక పోయింది,
కాగితానికి శనగ గింజంత చిల్లు పడింది.
పేజీ తిప్పితే వెనక బడి లెక్క,
మనెకర అని మొదలై
ఎక్స్ ఉండాల్సిన చోట
నా బొటనవేలు కనిపిస్తోంది.

ఎక్స్ పోనాదండి, అంది, ఏడుపు మొహంతో.

కింద కాటా మీద బస్తా పడింది.
దొర్లుతున్న పెన్ను పట్టుకుని
తనకిచ్చాను.

పోనీలే, ఉందనుకో.