చదరం 4417

హైదరాబాద్‌లో సముద్రం లేదు.
ప్రగతినగర్‌లో మూడో అంతస్తు మీద మాత్రం కొంచెం ఉంది,
ఏసీ చలిలో, గళ్లు గళ్లుగా.

బంగాళాఖాతాన్ని నేనే కోశాను
కొబ్బరి బర్ఫీ కోసినట్టు.
ఒక్కో ముక్కకీ ఒక నంబరు.
ఈ చదరంలో బయల్దేరిన నీటిచుక్క
నెల తిరిగేసరికి ఏ చదరం గడప తొక్కుతుందో
లెక్కగట్టి గీత గీస్తాను.
గీత మీద గీత, గీత మీద గీత.
చివరికి తెర మీద మిగిలేది నీళ్లు కాదు,
దువ్వెన పడని జుట్టు.

పెద్ద ప్రవాహాలు అందరికీ తెలుసు.
వాటికి పేర్లున్నాయి, పటాల్లో లావుపాటి బాణాలున్నాయి.
4417కి ఏమీ లేదు.
సుడి లేదు, ఉరవడి లేదు,
చెప్పుకోదగ్గ చేప కూడా లేదు.
కానీ దాన్నొక్కదాన్నీ చెరిపి చూస్తే
తూర్పు దారులు పడమటి దారుల్ని మర్చిపోతున్నాయి.
మూడు వారాలు నా కోడ్‌నే తిట్టుకున్నాను.

రాత్రి క్యాబ్‌లో బాలమల్లుకి చెప్పాను.
అతను సముద్రం చూడలేదు.
"గంతేనా మేడం. అది అమీర్‌పేట.
ఆడ ఎవరుంటరు చెప్పుండ్రి?
దిగుతరు, ఎక్కుతరు, పోతరు.
మొన్న వానకి గా ఒక్క సిగ్నల్ బందైతే
ఊరు ఊరంత గుడ్లు తేలేసింది."

నా పేపర్‌లో నాలుగు పేజీలు పట్టింది ఆ మాటకి.

ఇవాళ మా బోయ ఒకటి మూగబోయింది.
"ఆఖరి కబురు యాడ్నించి వచ్చింది?"
తప్పిపోయిన మనిషిని అడిగినట్టే అడిగాడు.
4417 నుంచి అన్నాను.
కూకట్‌పల్లి దాటేదాకా మాట్లాడలేదు.
"మా సాయిలు గూడ అమీర్‌పేటలనే దిగిండు.
నాలుగేండ్లాయె. కండక్టర్ చూసిండట."

కూడలిలో తప్పిపోయినదాన్ని వెతకడమే కష్టం.
మూల చదరమైతే రెండో మూడో దారులు.
4417 నుంచి ముప్పై ఒకటి,
ఒక్కో గీత పక్కనా ఒక చిన్న భిన్నం:
ఇక్కడ ఉండొచ్చు, ఇంత.
అక్కడ ఉండొచ్చు, ఇంకొంచెం తక్కువ.
అన్నీ కూడితే ఒకటి.
ఎక్కడో ఒకచోట ఉండటం ఖాయం అని
లెక్క చెప్పగలిగింది అంతే.

అది అతనికి చెప్పాలా వద్దా అనుకుంటుండగా
ఎర్రలైటు పడింది.
తొంభై సెకన్లు.
బాలమల్లు అద్దం దించాడు.
మెట్రో మెట్ల మీంచి జనం దిగుతున్నారు.
అతను ఒక్కో మొహాన్నీ చూస్తున్నాడు.
వెనక హారన్లు మొదలయ్యాయి.
నేను ఏమీ అనలేదు.