అద్దెకిచ్చిన 'నేను'

కుతాయిసిలో నాలుగో అంతస్తు, వంటింటి బల్ల.
పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతుంటాయి.
చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే
నేను ఎతేరిని కాను,
నిమిషాల లెక్కన దొరికే గొంతుని.

పొద్దున్నుంచి ఎన్ని 'నేను'లు అన్నానో!
'నేను మూడు కంటైనర్ల పలకరాళ్లు పంపాను' అన్నాను.
'నాకు పన్ను నొప్పి, డాక్టరు ఎక్కడ' అన్నాను.
బతూమిలో ఎవరిదో హోటల్ గది కోసం
'నేను అడిగింది సముద్రం కనిపించేది' అని పోట్లాడాను.
సముద్రం చూసి నాకు ఆరేళ్లయింది.

పన్నెండు దాటాక మళ్లీ మోగింది.
సెలామి అట, ఓర్దూ నుంచి, హేజల్‌నట్లు కొనే వ్యాపారి.
సరిహద్దు గేటు దగ్గరే ఫోనులోకి కొత్త నంబరు దించుకున్నాడు, చిప్పు లేకుండానే.
మ్యాపు చెప్పిన దారినే వచ్చాడు.
మ్యాపుకి వాన సంగతి తెలియదు.
వాగు దగ్గర కారు వదిలేసి చివరి కిలోమీటరు నడిచాడట.
బ్యాటరీ పదకొండు శాతం.
'త్వరగా' అన్నాడు.
అది నాతో అన్న మాటో, నేను అనాల్సిన మాటో
తేల్చుకునేలోగా
అతని పక్కన ముసలి బోందో గొంతు సవరించుకున్నాడు.

ధర. తేమ. నూటికి పుచ్చులెన్ని.
ఇద్దరి అబద్ధాలూ నా నోటి మీదుగానే
అటూ ఇటూ నడిచాయి, చెప్పుల చప్పుడు లేకుండా.
కిలోకి ఏడు అడిగింది నేను.
ఐదున్నరకి పైసా ఎక్కువ ఇవ్వనన్నదీ నేనే.
రెండుసార్లు నా మీద నేనే విసుక్కున్నాను.

అప్పుడు బోందో ఫోనుకి కాస్త ఎడంగా జరిగి
భార్యతో అన్నాడు, మెల్లగానే, కానీ వినబడింది:
'త్సియాలా, ఇతని బూట్లు తడిసి ముద్దయ్యాయి.
నా ఉన్ని మేజోళ్లు తెచ్చివ్వు. పొడివి.'

మా సర్వీసు నాలుగో నియమం:
చెవిన పడ్డ ప్రతి మాటా చెప్పాలి.
చెప్పాను.
'నా మేజోళ్లు' అనే అన్నాను మరి,
నా అలమరలోంచి తీసిచ్చినట్టే అయింది.

లైన్లో వాన.
ఎవరో కుర్చీ జరిపారు.
పధ్నాలుగు సెకన్లు. వాటికీ డబ్బు పడుతుంది.
ఆ తర్వాత సెలామి: 'ఐదు ముప్పావు.'
బోందో: 'ఆరున్నర. మేజోళ్లు వేరు, లెక్క వేరు.'
ఎంత నవ్వొచ్చిందో.
సొంతంగా నవ్వకూడదు, అది ఏడో నియమం.

ఆరుంబావు దగ్గర బేరం తెగింది.

పెట్టేసేముందు సెలామి అన్నాడు,
'గురువారం ట్రక్కుకి ఎక్కిస్తాం.'
ఎక్కిస్తాం అంటే, ఎవరెవరు?
'మేము' అయితే అతనూ, అతని కూలీలూ.
'మనం' అయితే తడి బూట్లూ పొడి మేజోళ్లూ త్సియాలా కూడా.
టర్కీ భాషకి ఆ తేడా పట్టదు.
జార్జియనుకీ పట్టదు.
మా అమ్మమ్మ కొండల్లో మాట్లాడిన స్వాన్‌లో మాత్రం
రెండిటికీ రెండు మాటలు,
ఏదో ఒకటి తేల్చుకోకుండా నోరు తెరవడం కుదరదు.
ఆ భాష మా సర్వీసు జాబితాలో లేదు.
దానికి నిమిషానికి ఎంతో
ఎవరూ ధర కట్టలేదు.

జార్జియన్లో ఉన్న ఒక్క మాటే అనేసి
తలుపు ఓరగా వదిలాను.
లైను పోయింది.

అరగంటకి తెర మీద వెలిగింది:
ఇరవై మూడు నిమిషాలు, నాలుగు చుక్కలు.
త్సియాలా ఇంట్లో చార్జరు దొరికినట్టుంది.
ఐదో చుక్క ఎందుకు తగ్గిందో తెలియదు.

చిక్కుడు గింజలు అడుగంటాయి.
గిన్నె గోకుతూ, ఇంట్లో ఎవరూ లేరు కదా అని
పైకే అన్నాను, అమ్మమ్మ మాటలో:
గురువారం
మనం ఎక్కిస్తాం.