ఉలకదు, పలకదు

కుతైసిలో ఫిబ్రవరి. రియోని నది మీద వాన.
అట్టపెట్టెకి ఇంకా ఫ్యాక్టరీ వాసన.
దానితో వచ్చిన సిస్టమ్‌ని
మొదటి సాయంత్రమే, టీ చల్లారకముందే తుడిచేశాను.
"ఎందుకొచ్చిన గొడవ పిన్నీ" అన్నాడు బాద్రి.
ముప్పయ్యేళ్ళు అద్దింట్లో ఉన్నదాన్ని నాయనా,
గోడకి మేకు కొట్టాలన్నా ఒకర్ని అడగాలి.
ఇక్కడ కూడానా?

తెర వెలిగింది. కీబోర్డు కుదిరింది.
వైఫై రెండు రాత్రులు బెట్టుచేసి దిగొచ్చింది.
స్పీకర్లు మాత్రం
ఉలకవు, పలకవు.

నా పనేమో పాటలు.
డెబ్బయ్యేళ్ళ నాటి టేపుల్లో
మొక్కజొన్న చేలో కలుపు తీస్తూ మూడు గొంతులు.
ఒకటి దుక్కి నేలలా కింద,
ఒకటి దాన్ని ఆనుకుని,
పైది కోడికూతలా విరిగి విరిగి.
అట్ట మీద "ముగ్గురు రైతులు" అని మాత్రమే ఉంది.
బూజు తినేలోపు ఎక్కించాలి.
తెర మీద అలలు పచ్చగా ఎగిసిపడుతున్నాయి,
మూసిన కిటికీ అవతల ఎవరో అరుస్తున్నట్టు.

పాడైంది ఏదీ లేదట. యంత్రం మరీ కొత్తదట.
లోపలి ఆంప్లిఫయర్‌కి ఒక నంబరుంది,
కెర్నల్ దగ్గరున్న జాబితాలో ఆ నంబరు లేదు.
పిలవనిదే ఎవరు మాత్రం పలుకుతారు?

చిలీలో, వాల్దీవియాలో, ఎల్యుతేరియో అని ఒకాయన.
పగలు పడవల ఇంజన్లు బాగుచేస్తాడు.
నా యంత్రాన్ని ఆయన చూడలేదు,
నా చెవులే అరువిచ్చాను.
"ఇది నడిపి, ఏమొచ్చిందో పంపండి."
పంపాను.
"ఇప్పుడు?"
ఏమీ లేదు.
"ఇప్పుడు?"
చిటుక్కుమంది. అంతే.
"ఆ చిటుక్కు మంచిదే" అన్నాడు.
నాకు తెల్లవారుజాము మూడు, ఆయనకి రాత్రి ఎనిమిది.
ఆయన పిల్లలకి అన్నాలవేళ.

పదకొండో రాత్రి ఒక వరస పంపాడు.
ఒకటంటే ఒకటే వరస,
రెండు నంబర్ల మధ్య ఇరికించిన నా నంబరు.
కెర్నల్‌ని మళ్ళీ కట్టాను.
పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోయాను.
గిన్నె మాడిన వాసనా, కింది గొంతూ
ఒకేసారి వచ్చాయి గదిలోకి.
తర్వాత మధ్యది. తర్వాత ఆ కోడికూత.
గోడ కొట్టారు పక్కింటివాళ్ళు.

ఆ వరస కింద ఆయన చిన్నగా చేర్చాడు:
పరీక్షించినవారు, మఖ్వాలా.

రేపెప్పుడో, ఎక్కడో, ఎవరో
ఇదే యంత్రం కొని అట్టపెట్టె విప్పుతారు.
మొదటి మీటకే పలుకుతుంది.
ఇందులో వింతేముంది అనుకుంటారు,
అనుకోవాలి కూడా.

ఇంతకీ మోగింది కుడి స్పీకరు ఒక్కటే.
ఎడమది ఇంకా బిగుసుకునే ఉంది.
మూడింటికి అలారం పెట్టుకున్నాను.