ఉందా? లేదు.

సిత్రాలో రాత్రి రెండున్నర.
బయట ఉప్పుగాలి, కిటికీ అద్దానికి చెమట.
లోపల స్వెట్టర్ మీద స్వెట్టర్.
మంచినీళ్ల ప్లాంటు సాఫ్ట్‌వేర్‌ని
ఏ యంత్రం మీదైనా కట్టబోయే ముందు
ఆ యంత్రాన్ని నిలబెట్టి ప్రశ్నలడిగే
ఒక పాత స్క్రిప్టు చదువుతున్నాను.

ఎయిర్‌పోర్టు కౌంటర్ లాంటిదే.
కంపైలర్ ఉందా? ఉంది.
బైటుకి ఎనిమిది బిట్లేనా? ఎనిమిదే.
నీ పేరు ఐరిక్సా? కాదు.
అల్ట్రిక్సా? కాదు.
పోనీ...
కాదు బాబూ, కాదు.
పదిహేడేళ్లుగా ఎవరూ ఔననలేదు.
అయినా ప్రతి బిల్డుకీ,
పెళ్లికి రాని చుట్టాన్ని పేరుపెట్టి పిలిచినట్టు
అడుగుతూనే ఉంది.

ఈ వారం నా పని: అడగడం మాన్పించడం.

తీసేయడం తేలికే.
ఒక్కో షరతు, దాని కింద దాని సంసారం:
ఆ యంత్రంలో లేని ఫంక్షన్‌కి బదులు తెచ్చిన ఫంక్షన్,
లింకర్ అలిగితే బుజ్జగించే ఫ్లాగు,
గడియారం తప్పు చెబితే సర్దిచెప్పే నాలుగు వరసలు.
ఎవరో కూర్చుని
ఆ యంత్రాల గుణాలన్నీ
అత్తింటి గుణాల్లా నేర్చుకున్నారు.

ఒకచోట చిన్న కామెంటు:
'ఇది తీయకండి. మూడో పంపుకి కావాలి. ఈపెన్.'
తేదీ లేదు.
ఆఫీసు డైరెక్టరీలో ఈపెన్ లేడు.
మూడో పంపు ఉన్నచోట ఇప్పుడు కార్లు ఆపుతున్నాం.
రెండుసార్లు చదివి
తీసేశాను.

నాలుగు వందల పన్నెండు వరసలు ఎర్రబడి మాయమయ్యాయి.
మళ్లీ నడిపాను. పాసయింది.
తొమ్మిది సెకన్లు కలిసొచ్చాయి.
ఆ తొమ్మిది సెకన్లతో ఏం చెయ్యాలో తోచక
టీ కోసం కిందికి దిగాను.

సర్వర్ గది తలుపు తెరిచి ఉంది.
ఏసీ మెకానిక్ లింబన్న, కోరుట్ల మనిషి,
నేల మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు.
మూలన నడుమెత్తు నీలం పెట్టె.
పక్కన అంటించిన కాయితం మీద వెలిసిన సిరా:
ఐరిక్స్. మూడో పంపు. ఆపకండి.
ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.
దాని నెత్తి మీద స్టీలు డబ్బా.

"ఇదింకా పనిచేస్తోందా?"

"పనేంది సారూ, దీన్ని అడిగేటోడే లేడు.
గింత సలి గదిల వెచ్చగున్నది ఇదొక్కటే.
పదకొండేండ్ల సంది నా బువ్వ దీని మీదనే పెడుత."

మూత తీశాడు. పప్పులోంచి సన్నగా ఆవిరి.

మార్పుల చిట్టాలో ఇంకా ఒక్క వాక్యం బాకీ:
ఫలానా యంత్రానికి ఇక మా సపోర్టు లేదని.
రోజూ ఇంగ్లీషులో రాసే మాటే.
ఇవాళెందుకో అది చెవిలో
ఆసరా అని పడింది.

లింబన్న సగం జొన్నరొట్టె నా వైపు జరిపాడు.
"తినుండ్రి, సల్లారుతది."

పెట్టెకి వీపు ఆనించి కూర్చున్నాను.
నిజమే, వెచ్చగా ఉంది.